చామాకు కాని ఆకు

గ్వెన్ వెంట ఐదు శనివారాలు నడిచాను. ఐదు శనివారాలూ వానే. బ్రిటన్‌లోని కార్డిఫ్ ఊరి బయటి అడవిలో బురద తొక్కుకుంటూ పదిమందిమి ఆమె వెనక పోవడం, ఆమె ఒక మొక్క దగ్గర ఆగడం, మేమంతా నడుములు వంచి చూడడం. చూడడమే. కోయకూడదు.

"మూడు గుర్తులు చెప్పలేని ఆకును ముట్టుకోకండి," అంటుంది గ్వెన్. ఆకుకు ఒకటి, కాడకు ఒకటి, వాసనకు ఒకటి. అడవిలో దొరికేవి కోసుకుని తినడం నేర్పే క్లాసు ఇది. ఇన్ని వారాల్లో నా సంచిలో పడింది పిడికెడు అడవి వెల్లుల్లి ఆకు. అది కూడా ఒక్కొక్క ఆకే తుంచాలట, గుప్పెట పట్టి లాగకూడదట. "దాని పక్కనే ఇంకో ఆకు మొలుస్తుంది. దాని సంగతి వచ్చేవారం," అంది. ఆమెకు అన్నీ వచ్చేవారమే!

నాకు ఒళ్లు మండిపోయేది. జగిత్యాల పక్క చెలకల్లో పుట్టి పెరిగినవాణ్ణి. తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటికూర... మా రాజ్యం అక్క వెంట తిరిగి ఒడి నిండా కోసుకొచ్చినవాణ్ణి. ఈ అమరేందర్‌కు ఆకులు నేర్పుతుందా ఈమె?

నాలుగోవారం, మాతో వచ్చే రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన సంచి నిండా ఏవో కోస్తే గ్వెన్ మొత్తం పారబోయించింది. ఆయన నవ్వుతూనే పారబోశాడు. నేను మాత్రం ఇంటికొచ్చి రెండు గంటలు అదే పాట పాడాను. మా ఆవిడ భావన హాస్పిటల్ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ అంది: "పారబోసినాయననే ఊకున్నడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నా దురద సంజన గురించి. సంజన నా కూతురు, తొమ్మిదేళ్లది. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. పడుకోబెట్టేటప్పుడు దానికి నేను చెప్పినవన్నీ నా ఆకుల కథలే. "మై డాడ్ నోస్ ఎవ్రీ లీఫ్," అని స్కూల్లో టీచరుతో చెప్పుకుందట. ఈ దేశంలో నేను ప్రతిదానికీ ఎవరినో ఒకర్ని అడగాల్సినవాణ్ణే. ఏ చెత్త బిన్ ఏ రోజు బయట పెట్టాలో కూడా పక్కింటాయన చెప్పాలి. నా కూతురి ఆ ఒక్క మాటలోనే నేను పెద్దవాణ్ణి. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఐదో శనివారం నడక అయిపోయి కారు దగ్గరికి వస్తుంటే పొదల కంచె కింద కనిపించాయి. బాణం మొనలాంటి నిగనిగలాడే ఆకులు, లేత కాడలు, గుంపుగా. నా గుండె ఝల్లుమంది. చామాకు! కొంచెం చిన్నగా ఉంది గానీ, ఈ చలిలో అది మాత్రం ఎంత పెరుగుతుంది? గ్వెన్ ఇరవై అడుగుల దూరంలో బూట్ల బురద గీక్కుంటోంది. పిలిచి చూపించవచ్చు. పిలవలేదు. చామను గుర్తుపట్టడానికి నాకు ఇంకొకరి పర్మిషన్ కావాలా? గుప్పెట పట్టి లాగి సంచి నింపాను.

చామాకు దురద పెడుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చింతపండు పులుసు పోసి ఉడికిస్తే ఆ దురద విరుగుతుంది. ఎందుకైనా మంచిదని చింతపండు రెండింతలు వేశాను. భావన డ్యూటీలో ఉంది. సంజన స్టూలెక్కి గిన్నెలోకి చూసింది.

"ఆర్ యూ ష్యూర్, నాన్నా?"

"చామాకు బిడ్డా. నీ అంత ఉన్నప్పటి సంది తింటున్న."

అన్నంలో కలిపి మొదటి ముద్ద దాని నోటి దగ్గర పెట్టాను. మా ఇంట్లో మొదటి ముద్ద ఎప్పుడూ పిల్లదే. అది మూతి పక్కకు తిప్పుకుంది.

"యూ ఫస్ట్."

నాకు తిక్క రేగింది. గ్వెన్ చాలదని ఇప్పుడు నువ్వు కూడానా! ఆ కోపంతోనే ముద్ద నా నోట్లో వేసుకుని కసిగా నమిలాను.

రెండుసార్లు నమిలానో లేదో నాలుక నిండా సూదులు గుచ్చినట్టయింది. సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేశాను. పెదవులు ఉబ్బాయి, నాలుక మొద్దుబారింది, మాట రాలేదు. సంజన ఏడుస్తూనే వైద్య సలహా చెప్పే 111కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అవతలి ఆవిడ నెమ్మదిగా అడుగుతోంది. ఊపిరి ఆడుతోందా? ఆడుతోంది. మింగారా? నేను తల అడ్డంగా ఊపాను. ఏ మొక్క అది?

సంజన నా వైపు తిరిగింది. "నాన్నా, వాట్ లీఫ్ ఈజ్ ఇట్?"

కాగితం మీద చామ అని రాయబోయి ఆగిపోయాను. చామ ఇలా చేయదు. మరి ఇదేమిటి? పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"హీ డజంట్ నో," అంది సంజన ఫోన్లో.

నోరు మండుతున్నా నాకు ఆ మాటే ఎక్కువ మండింది. అబద్ధం కాదు కనుక ఇంకా ఎక్కువ.

నోరు బాగా కడుక్కోమన్నారు, చల్లటి పాలు తాగమన్నారు, గొంతు వాచినట్టనిపిస్తే వెంటనే అంబులెన్స్ కోసం 999కి చేయమన్నారు. సాయంత్రానికి వాపు తగ్గింది. ఆకు ఫోటో గ్వెన్‌కు పంపితే నిమిషంలో జవాబు వచ్చింది. అడవి వెల్లుల్లి పక్కనే మొలుస్తుందని చెప్పి వచ్చేవారానికి వాయిదా వేసిన ఆకు అదేనట, విషపుదట. తిట్టలేదు. పాప తినలేదు కదా అని మాత్రం అడిగింది. లేదు అని టైపు చేశాను. మొదటి ముద్ద దాని పెదవుల దాకా తీసుకెళ్లింది ఈ చెయ్యే.

అదే ఫోటో రాజ్యం అక్కకూ పంపితే, చూసి వీడియో కాల్ చేసింది. "గది చామ గాదు తమ్మీ. చామాకు మీద నీళ్లు నిలుస్తయా? ముత్యాల లెక్క జారిపోతయి. చిన్నప్పుడు చెంబుతోని పోసి జూపెట్టిన గద, మర్సినవా?"

మరిచాను. సంజన సంచిలో మిగిలిన ఆకు తీసుకెళ్లి కుళాయి కింద పెట్టింది. నీళ్లు ఆకంతా పరుచుకున్నాయి. కంచె కింద కూడా ఆ ఆకులు వానకు అలాగే తడిసి ఉన్నాయి, నేను చూస్తూనే కోశాను. గ్వెన్ మూడు గుర్తులు చూడమంది. నాకు తెలిసిన ఆ ఒక్కటి కూడా చూడలేదు. ఇన్ని వారాలు ఆమె మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాత్రి అన్నానికి పప్పు చేసి పైన కొత్తిమీర చల్లాను. సంజన ఆ పచ్చటి ఆకును వేలితో పక్కకు జరిపింది.

"కొత్తిమీర బిడ్డా. షాపుల కొన్నదే," అన్నాను.

అది కుర్చీ దిగి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, ప్యాకెట్ బయటికి తీసి, దాని మీది పేరు చదివింది. తరువాత వచ్చి తింది.