అయ్యో అనకూడదు

పన్నెండో ప్రశ్నకు ముందు శేషారత్నం ఒక గుక్క మంచినీళ్లు తాగింది. పదకొండో ప్రశ్న వరకు ధరలు, పన్నులు, ఇన్సూరెన్సు. పన్నెండు నుంచి యుద్ధం. హెడ్‌ఫోన్‌లో అవతలి మనిషి ఏదో కరకర నములుతున్నాడు. ఆమె తెర మీద ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క మాట తడబడకుండా చదివింది. గల్ఫ్ జలసంధిలో ఓడల దారిని కాపాడేందుకు అమెరికా ప్రభుత్వం ఆ తీరం మీద మరిన్ని బాంబు దాడులు చేయడాన్ని మీరు గట్టిగా సమర్థిస్తారా, కొంతవరకు సమర్థిస్తారా, ఎటూ చెప్పలేరా, కొంతవరకు వ్యతిరేకిస్తారా, గట్టిగా వ్యతిరేకిస్తారా?

మిగతావాళ్లు ఏమంటున్నారని అతను అడిగాడు. అది చెప్పడానికి లేదని ఆమె చదివింది. దానికీ తెర మీద ఒక వాక్యం ఉంటుంది. అయితే కొంతవరకు సమర్థిస్తానని వేసుకోమన్నాడు, నమలడం ఆపకుండానే. ఆమె రెండు నొక్కింది. బాంబు కొంతవరకు ఎలా పడుతుందో ఈ నాలుగేళ్లలో ఆమెకు అర్థం కాలేదు. ఇలాంటి ప్రతి ఫోన్ తర్వాతా ఎవరో ఎంగిలి చేత్తో చెవి తడిమినట్టుంటుంది. బాత్రూముకు వెళ్లి చెవులు కడుక్కుని వచ్చింది.

దక్షిణ సముద్రంలోని ఈ ద్వీప దేశంలో, పాపకూర రైలు స్టేషన్ వెనక, టైర్ల షాపు మీద, ఫోన్ సర్వేల ఆఫీసు, పొడుగాటి ఒకే గది. పన్నెండు కుర్చీలు. ఇక్కడ మంగళవారం తెల్లవారేసరికి అమెరికాలో సోమవారం మధ్యాహ్నం. ఆమె రోజూ నిన్నటి మనుషులతో మాట్లాడుతుంది. వాళ్ల పేర్లడగకూడదు, వయసు మాత్రం అడగాలి. ఇంటర్ తప్పిన మనిషికి ఈ ఉద్యోగం ఇచ్చింది కూడా ఆమె తెర మీద లేనిది ఏదీ మాట్లాడదనే. మొదట్లో అద్దం ముందు నిలబడి ఆ ఐదు జవాబులూ వల్లె వేసింది. ఇంట్లో కూర ఎలా ఉందంటే ఆమె భర్త పాండురంగ, బస్సు డ్యూటీ బూట్లు విప్పుకుంటూ, కొంతవరకు సమర్థిస్తానంటాడు.

ఆమె మానిటర్ అంచున ఒక పసుపు చీటీ అంటించి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో అయ్యో అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంటుంది. కింద రెండు నిలువు గీతలు. ఒకసారి ఎవరో ముసలాయన, జవాబు చెప్పాల్సిన తన భార్య పోయిన వారమే పోయిందన్నాడు. ఇంకోసారి ఒక ఆడమనిషి నవ్వుతూ, ఆ తీరం వాళ్లంతా చచ్చినా తనకేం పోదంది. రెండుసార్లూ శేషారత్నం నోట్లోంచి అయ్యో జారింది. రికార్డింగులు వినే పైవాళ్లు అది అభిప్రాయం కిందికి వస్తుందన్నారు. మూడో గీత పడితే కుర్చీ పోతుంది.

ఆ చీటీ అంటించింది సూపర్‌వైజర్ మహేంద్ర. ఫిజీలో పుట్టినవాడు. అతని ముత్తాతలు వైజాగ్ వైపు నుంచి చెరకు తోటలకు వెళ్లినవాళ్లు. అతనికి తెలుగులో మిగిలింది ఆ ఒక్క మాటే.

"మా నానమ్మ కూడా అనేది ఆంటీ, చెప్పు తెగినా అయ్యో, మనిషి పోయినా అయ్యో. కానీ నేనేం చెయ్యను," అన్నాడు ఇంగ్లీషులో, చీటీ అంటిస్తూ.

"అభిప్రాయం కాదు బాబూ అది. ఊపిరి," అందామె. మహేంద్ర ఆ మాట ఎక్కడా రాసుకోలేదు.

పది గంటల విరామంలో ఆమె లాకరు తెరిచి ఫోన్ చూసుకుంది. రాజశ్రీకి పంపిన మూడు మెసేజ్‌లకూ ఒక్కొక్క టిక్కే ఉంది. రాజశ్రీ ఆమె కూతురు. పెళ్లైన పదేళ్లకు పుట్టిన ఒక్కతే పిల్ల. పాలపొడి మోసుకెళ్లే ఓడలో థర్డ్ ఆఫీసర్. నిన్న మధ్యాహ్నం రాసింది: 'అమ్మా, రేపు జలసంధి దాటతాం, రెండ్రోజులు ఫోన్ ఉండదు, చిల్.' చిల్ అట. రేపల్లె పక్క పల్లెలో, ఐదేళ్ల వయసులో, ఉప్పెన పోయాక గేదెలతో పాటు మనుషులు తేలడం చూసిన శేషారత్నానికి చిల్ అంటే ఏమిటో ఈ జన్మకు తెలియదు. పిల్లను బడి ఈతకు పంపే కాగితం మీద ఆమె నెల రోజులు సంతకం పెట్టలేదు. ఆ పిల్ల సముద్రాన్నే ఎంచుకుంది. ఎందుకే అంటే, నువ్వు అంతగా భయపడేది ఏమిటో చూద్దామని, అంది నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

టీ తాగకుండానే వచ్చి కూర్చుంది.

పదకొండు దాటాక ఎనభై మూడేళ్ల ముసలావిడ దొరికింది. టీవీ సౌండ్ తగ్గించి మరీ కూర్చుంది. ప్రతి ప్రశ్నా పూర్తిగా విని, ఆలోచించి చెప్పింది. ఇలాంటివాళ్లు నెలకొకరు తగులుతారు. పన్నెండో ప్రశ్నను మాత్రం రెండోసారి చదివించుకుంది.

"ఆ చోటెక్కడుందో నాకు సరిగ్గా తెలీదు హనీ. నీకేమనిపిస్తోంది? నువ్వేదంటే అదే వేసుకో."

నాలుగేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. చదవాల్సిన వాక్యం తెర మీద సిద్ధంగా ఉంది: ఇందులో తప్పొప్పులు లేవు, మీ అభిప్రాయమే మాకు కావాలి. శేషారత్నం దాని వైపే చూస్తోంది. నోరు మాత్రం వేరేది అనేసింది.

"మా అమ్మాయి ఆ నీళ్లలోనే ఉంది మేడమ్. ఓడలో పని."

"ఎన్నేళ్లు?"

"ఇరవై నాలుగు."

అవతల గోడ గడియారం చప్పుడు వినపడింది.

"అయితే గట్టిగా సమర్థిస్తానని రాయి," అంది ముసలావిడ. "వాళ్లను బాగా కొట్టాలి. నీ పిల్ల క్షేమంగా రావాలి కదా. రాత్రి ప్రార్థనలో చెప్పుకుంటాను."

ఆమె వేలు అలవాటు కొద్దీ ఒకటి నొక్కింది. గొంతులోకి వచ్చిన అయ్యో పసుపు చీటీ మీద చూపు పడి అక్కడే ఆగిపోయింది. మిగిలిన ప్రశ్నలు చదివింది. ధన్యవాదాల వాక్యం చదివింది. పూర్తయిన సర్వేలు లెక్కగట్టే గోడ మీది బోర్డులో ఎనిమిది వందల నలభై ఆరు అని పడింది.

మధ్యాహ్నం డబ్బా విప్పింది. దొండకాయ వేపుడు, పెరుగన్నం. ముద్ద కలిపి, మళ్లీ డబ్బాలోకే వదిలేసింది. నమిలేవాడి మీద అసహ్యం వేసింది, అది చెవులు కడుక్కుని వదిలించుకోవచ్చు. ఇది అలా కాదు. ఆ ముసలావిడ మీద కోపమైనా రావడం లేదు. పిల్లను చూపించి తనే బాంబు అడుక్కున్నట్టయింది. ఆ తీరంలో కూడా ఏ ఆడదో ఫోన్ పట్టుకుని ఒక టిక్కు వైపే చూస్తూ ఉంటుంది. రేపు ఏదన్నా జరిగితే, అటైనా ఇటైనా, ఆ ఒకటి తను నొక్కిందే.

డబ్బా మూసి మహేంద్ర బల్ల దగ్గరకు వెళ్లింది.

"ఎనిమిది వందల నలభై ఆరు తీసెయ్యండి బాబూ. మధ్యలో నేను సొంత మాట మాట్లాడాను."

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. ఇరవైలో ఒకటి మాత్రమే పైవాళ్లు వింటారని, ఇది వినకపోవచ్చని, వెళ్లి కూర్చోమని చెప్పాడు. ఆమె కదల్లేదు.

"ఒక్కటి తీస్తే శాతం మారదు ఆంటీ."

"మారదని తెలుసు. అది నా పిల్ల పేరు మీద పడింది. ఉండకూడదు."

తీస్తే కారణం రాయాలి. రాస్తే అది మూడో గీత. ఆమెకు చెప్పాల్సిన పని లేదు. ఈ దేశంలో పన్నెండేళ్లుగా ఉంటున్నా, ఆమె కోసమని ఎవరైనా చక్రాలు సరిచేసి, ఎత్తు సరిచూసి ఇచ్చింది ఆ కుర్చీ ఒక్కటే.

మహేంద్ర రికార్డింగ్ మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈసారి అయ్యో అయినా అనలేదు మీరు."

"మీ చీటీ అననిస్తేనా."

అతను కారణం రాసి మీట నొక్కాడు. బోర్డు మీది లెక్కలో ఒకటి తగ్గింది. అవతలి వరుసలో ఎవరో పన్నెండో ప్రశ్న మొదలుపెట్టారు. ఆ ఒకటి మళ్లీ చేరడానికి ఎంతోసేపు పట్టదు.

శేషారత్నం కుర్చీ మీది దిండు, గ్లాసు, శాలువా సంచిలో సర్దుకుంది. లాకరులోంచి ఫోన్ తీసింది. ఒక్క టిక్కే. అందరూ ఫోన్లలో ఉన్నారు, ఎవరితోనూ చెప్పడానికి వీల్లేదు. గాజు తలుపు లాగుతూ ఒకసారి వెనక్కి చూసింది. ఖాళీ కుర్చీ ముందు తెర ఇంకా వెలుగుతోంది. దాని అంచున పసుపు చీటీ, జిగురు ఆరి ఒక మూల లేచి, ఏసీ గాలికి కొట్టుకుంటోంది.