టంకశాల ఉన్న చోటు

గారెట్ పొద్దున్నే తెచ్చి చేతిలో పెట్టిన రాగి నాణేన్ని చూడగానే లెనోరా గుండె జారిపోయింది. దాని మీద గుర్రం తల, తల కింద నాగలి. న్యూజెర్సీ తన తొలినాళ్ళలో కొట్టించుకున్న రాగి కాణీ అది.

"పాత మిల్లు దగ్గర తవ్విన గోతిలో దొరికింది టీచరు గారూ," అన్నాడు గారెట్. ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద అతను. చిన్నప్పుడు లెనోరా దగ్గరే చరిత్ర చదువుకున్నాడు. "రేపు పునాదికి కాంక్రీటు పోస్తున్నాం. అక్కడ టంకశాల లేదని మీరేగా చెప్పారు?"

ఆమే చెప్పింది. ఆ కాణీలు కొన్ని తమ ఊళ్ళోనే, వాగు ఒడ్డు పిండిమిల్లులో అచ్చయ్యాయని వెబ్స్ హాలో ఊరందరి నమ్మకం. బడి నుంచి రిటైరయ్యాక లెనోరా ఆ సంగతే పట్టుకుంది. పాత పటాలు వెతికి, వాగు వెంట తిరిగి, టంకశాల మిల్లులో కాదు, ఎగువ మలుపు దగ్గరి కమ్మరి కొలిమిలో ఉండేదని తేల్చింది. ఆమె మాట నమ్మబట్టే ఊరివాళ్ళు మిల్లు స్థలాన్ని కొత్త ఫైర్ స్టేషన్‌కి ఇచ్చారు. ఆ మాట తప్పయితే, ఊరి చరిత్రను తన చేతులతోనే సిమెంటు కింద పూడ్చినట్టవుతుంది.

"ఈ ఒక్క రోజూ ఆ గోతిని నాకొదిలెయ్ నాయనా."

"కాదంటే ఇప్పటికీ నన్ను బడయ్యాక శిక్షగా కూర్చోబెట్టేస్తారేమో. పదండి," అని తన మనుషుల్ని కూడా పిలిచాడు గారెట్.

గోతిలో మట్టినంతా జల్లెడ పట్టారు. లెనోరా మోకాళ్ళ మీద కూచుని గడ్డ గడ్డా చిదిమి చూసింది. విరిగిన మట్టి పొగాకు గొట్టాలు, గుర్రపు నాడాల మేకులు, తిరగలి రాయి ముక్క దొరికాయి. రాగి పొట్టు కూడా లేదు. అప్పుడు నాణేన్ని మళ్ళీ చూసింది. గుర్రం జూలు పూర్తిగా అరిగిపోయింది. ఎన్నో చేతులు మారిన నాణెం.

"పిండి కోసం వచ్చినవాడెవడో పారేసుకుని ఉంటాడు," అంది. "నాణేలు ఊళ్ళు తిరుగుతాయి గారెట్. రాగి తుక్కు తిరగదు. తుక్కు ఎక్కడుంటే టంకశాల అక్కడ."

"ఇక్కడ లేదుగా. ఇంకేం భయం?"

"ఇక్కడ లేకపోతే చాలదు. నేను చెప్పిన చోట ఉండాలి."

ఆమె చెప్పిన చోట వినిఫ్రెడ్ స్ట్రాబెర్రీ తోట ఉంది. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులే, అయినా మళ్ళలో పార వేయనివ్వలేదు వినిఫ్రెడ్. ఈసారి లెనోరా అడగలేదు కూడా. బురద బట్టలతో వచ్చి ఆమె గుమ్మం మెట్ల మీద కూలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైందే? ఎవరు పోయారు?" అంటూ వినిఫ్రెడ్ బయటికొచ్చింది.

"ఎవరూ పోలేదు. నా మాటే పోయేలా ఉంది."

అంతా విని వినిఫ్రెడ్ వెళ్ళి పార తెచ్చింది. "ఆ చివరి మడిలో కాయలు కోసేశాను. అదొక్కటే తవ్వుకో. పక్క మడిలో అడుగు పెట్టావో, నిన్నే పాతేస్తా."

"ఇన్నేళ్ళు బతిమాలినా ఇవ్వలేదు కదే!"

"ఇన్నేళ్ళూ మేధావిలా అడిగావు. ఎప్పుడైనా ఏడ్చావా?"

లెనోరా వెనకే వచ్చిన గారెట్ తవ్వాడు. మోకాలి లోతుకు వెళ్ళేసరికి మట్టి నల్లబడింది. కొలిమి బొగ్గు అది. ఇంకాస్త కిందికి వెళ్ళాక పచ్చగా చిలుము పట్టిన రేకు ముక్క పారకు తగిలింది. వినిఫ్రెడే వంగి లాగింది.

"ఇదేంటే, మా అమ్మ గుండ్రంగా బిస్కెట్లు కోసుకోగా మిగిలిన పిండిలా ఉంది!"

రేకు నిండా వరసగా గుండ్రటి కంతలు. లెనోరా గొట్టం నీళ్ళ కింద కడిగింది. రాగి! నాణేలకి బిళ్ళలు కత్తిరించగా మిగిలిన తుక్కు. దానికి అంటుకున్న మట్టి గడ్డలోంచి ఒక బిళ్ళ కూడా ఊడిపడింది. దాని మీద గుర్రమూ లేదు, నాగలీ లేదు. ముద్ర పడకముందే కింద పడి మరుగైపోయిన బిళ్ళ.

లెనోరా ఆ బురదలోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి గారెట్ కూడా నవ్వుతూ ఫోన్ తీశాడు. "రేపు కాంక్రీటు లారీలు పంపెయ్యండి. ఆ, మిల్లు దగ్గరికే. ఏ భయమూ లేదు."

"ఇక నా తోటంతా తవ్వుతానంటావు కదూ?" అంది వినిఫ్రెడ్.

"తొందరేం లేదులే. కాయలన్నీ అయిపోనీ," అంది లెనోరా కళ్ళు తుడుచుకుంటూ. "అన్నట్టు, ఇంట్లో తినడానికేమైనా ఉందా? పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

వినిఫ్రెడ్ పంది మాంసం ముక్కలూ గుడ్లూ వేయించి, రొట్టెల్లో పెట్టి తెచ్చింది. ముగ్గురూ మెట్ల మీదే కూచుని తిన్నారు. లెనోరా సిగ్గుపడకుండా ఇంకోటి అడిగింది.