చేటెడు తవుడుకు అమ్మిన మనిషి

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు కొదవ లేదు గానీ, పెద్దతల్లి కన్నులాంటి కన్ను ఉన్న ఫ్యాక్టరీ మాత్రం ఒక్కటే. పాతికేళ్లుగా ఆవిడ గ్రేడింగు బల్ల దగ్గరే కూర్చుంటోంది. విరగని గుండు ఒక పక్కకీ, చీలిన బద్ద ఒక పక్కకీ, మచ్చపడిన పప్పు మరో పక్కకీ తోసేస్తూనే మాట్లాడుతుంది, పోట్లాడుతుంది, పడీపడీ నవ్వుతుంది. మచ్చ పప్పు ఒక్కటైనా ఆవిడ చెయ్యి దాటి డబ్బాలో పడిందని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు. ఒకసారి యజమానే ప్రయత్నించి, తర్వాత తన పని తాను చూసుకున్నాడు.

రెండువేల అయిదులో ఆ ఫ్యాక్టరీ ఆఫీసు చూసే ఫణిశంకర్ పచ్చిగింజల బేరానికి సింగపూర్ వెళ్లొచ్చాడు. బస చేసిన హోటల్లోనే ఏదో బొమ్మల వేలానికి ముందు ప్రదర్శన పెట్టారట. ఆ బొమ్మలన్నీ అచ్చేసిన నున్నటి కాగితాల పుస్తకం ఊరికే ఇస్తుంటే తెచ్చుకున్నాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే రకం కాడతను. టీ వేళ గ్రేడింగు బల్ల మీద ఆ పుస్తకం పరిచి, పేజీలు తిప్పుతూ ఆడవాళ్లకు చూపిస్తున్నాడు.

"ఇవన్నీ ఇండోనేషియా వాళ్ల బొమ్మలు. ఈయన అఫాండి. ఈయన హెంద్రా గుణవాన్. పెద్ద పేరున్నవాళ్లు."

"ఆగు బాబూ. ఎనక్కి తిప్పు" అంది పెద్దతల్లి.

"ఏ పేజీ పెద్దతల్లమ్మా?"

"తాడు పేనుతున్నాయన పేజీ."

విర్యాది అనే, అంతగా పేరు లేని చిత్రకారుడి బొమ్మ అది. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి, కుడి తొడ మీద కొబ్బరి పీచు పెట్టి అరచేత్తో పేనుతున్నాడు. పేనిన తాడు కాలి బొటనవేలికి చుట్టి ఉంది. పీచును నోటితో తడుపుకోబోతున్నట్టు పెదవి కొంచెం ముందుకొచ్చింది. పెద్దతల్లి చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఈయన మా నాయిన" అంది. ఇది గుండు, అది బద్ద అన్నంత మామూలుగా అంది.

ఆవిడ తండ్రి తవిటయ్యది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు దగ్గరి ఊరు. కలకత్తా వెళ్లి ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఓ ఏడాది ఓడ పాడై ఇండోనేషియాలో, జావా దీవిలోని సురబయ రేవులో మూడు నెలలు ఆగిపోయింది. ఊరికే కూర్చోలేక తాడు పేనుకుంటుంటే, పక్క వీధి చిత్రకారుడొకడు మూడు రోజులు ఎదురుగా కూర్చుని తన బొమ్మ గీశాడని, లవంగం చుట్టలు కాల్పించాడని ఇంటికొచ్చి చెప్పాడు. ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. "జావా రాజుగారు వస్తున్నారు, తప్పుకోండి" అని రచ్చబండ దగ్గర ఆయన్ను చచ్చేదాకా ఆటపట్టించారు. నమ్మింది ఎనిమిదేళ్ల పెద్దతల్లి ఒక్కతే. అందుకు బళ్లో ఆవిడా దెబ్బలాడాల్సి వచ్చింది.

"దీని కింద ఏటి రాసినారు బాబూ?"

ఫణిశంకర్ చదివాడు. "బొమ్మ పేరు 'తవుడుకు అమ్ముడైనవాడు'. చిత్రకారుడే వెనకవైపు అలా రాశాడట."

పెద్దతల్లి గట్టిగా నవ్వింది. "ఇంకేటి అనుమానం? మా నాయినే! పుట్టగానే తవుడుకి అమ్మీసినారని ఆయనే సెప్పుంటాడు."

"పూర్తిగా వినమ్మా. 'ఆకలికి తవుడు తీసుకుని తనను తాను అమ్ముకున్న కూలీ. బానిస బతుకుల మీద చిత్రకారుడి కోపం ఈ ముఖంలో కనిపిస్తుంది' అని రాశారు."

నవ్వు ఆగిపోయింది. ఊళ్లో అబద్ధాలకోరు అన్నారు, సరే, ఊరన్నాక అంటారు. ఇప్పుడు దేశం కాని దేశంలో అచ్చువేసి మరీ బానిసను చేశారు. బొమ్మ ఎవరింటికో వెళ్లిపోతుంది, ఆ రాత దానితోపాటే వెళ్తుంది. పెద్దతల్లి పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"వేలం ఎప్పుడు?"

"ఇంకా ఇరవై రోజులుంది."

"సాలు. ఉత్తరం రాయి."

ఆ సాయంత్రమే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఫణిశంకర్ మెయిలు కొట్టాడు. చదువుకున్నవాడు కదా, క్లుప్తంగా, మర్యాదగా రాశాడు. ఈ బొమ్మలోని వ్యక్తి తవిటయ్య, మా ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ తండ్రి, ఆయన్ను పుట్టగానే నిజంగానే తవుడుకు అమ్మారు, అని. రెండో రోజు జవాబొచ్చింది. వేలం కంపెనీలో ఆ బొమ్మల వ్యవహారం చూసే ఆవిడ రాసింది. పసిబిడ్డను అమ్మేసిన సంగతి తెలిసి మనసు కలిచివేసిందని, ఆ విషాదాన్ని కూడా వివరాల్లో చేరుస్తామని, కుటుంబానికి తన సానుభూతి అని.

చదివి వినిపిస్తే పెద్దతల్లికి ఒళ్లు మండిపోయింది. "ఏటి రాసినావయ్యా నువ్వు? మా నాయినమ్మని బిడ్డలనమ్ముకునేదాన్ని సేసినావు!"

"ఉన్నదే రాశాను కదమ్మా!"

"అమ్మినాదని రాసినావు. ఎందుకమ్మినాదో రాసినావా? నాను సెప్తాను. ఒక్క ముక్క ఇడిసిపెట్టకుండా రాయి."

ఈసారి ఆవిడ ఇంటర్నెట్ సెంటర్‌కు తనే వచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఆవిడ చెప్పింది, అతను రాశాడు.

"మా నాయినమ్మకి ముందు ముగ్గురు పుట్టి సచ్చిపోనారు. నాలుగోవాడు మా నాయిన. ఈడినీ సావు ఎత్తుకుపోతాదని దడిసి, పురిట్లోనే సేటలో పడుకోబెట్టి, పక్కింటామెకి సేటెడు తవుడుకి అమ్మీసినాది. ఆ పక్కింటామె కొనుక్కుని, 'ఈడు నా బిడ్డ, పాలిచ్చి పెంచు' అని ఎంటనే తిరిగిచ్చీసినాది. సావు ఈ ఇంటి బిడ్డ కోసం ఎతుక్కుంటా వొచ్చినా, ఇక్కడున్నోడు ఈ ఇంటి బిడ్డ కాడు కదా? అందుకు. తవుడు మా ఇంటికాడే ఆవు తిన్నాది. బిడ్డ మా ఇంటికాడే పెరిగినాడు. తవిటయ్యని పేరెట్టినారు. మా కాడ సానా మంది తవిటయ్యలున్నారు. ఒక్కడూ బానిస కాడు."

ఫణిశంకర్ చేతులు ఆపి ఆవిడ వైపు చూశాడు. ఈ పేరుగల మనుషుల్ని పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. పేరు వెనక తల్లి ఉందని ఇప్పుడే తట్టింది. సిగ్గేసింది కూడా.

"రుజువు అడుగుతారు పెద్దతల్లమ్మా. ఫోటో ఏమైనా ఉందా?"

"ఫోటో లేదు. ముక్కున్నాది. అలగ కొన్న బిడ్డకి కుడిముక్కు కుడతారు. పెద్దయ్యాక ముక్కుపుడక తీసీసినాడు, బెజ్జం పూడలేదు. ఈ అచ్చులో కనపడదు. అసలు బొమ్మ ఆళ్ల దగ్గరే ఉంది కదా, కుడిముక్కు సూసుకోమను. లేపోతే నాను నోరు మూసుకుంటాను."

ఆవిడ నోరు మూసుకోవడం అంటే చిన్న పందెం కాదు.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. ఈసారి పొడుగుది. బొమ్మ కుడిముక్కు మీద చిన్న నల్లచుక్క ఉందట. ఈగ మురికి అనుకుని, శుభ్రం చేయించాలని తమ కాగితాల్లో రాసుకున్నారట. ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే అది పైన అంటిన మురికి కాదు, చిత్రకారుడే వేసిన రంగు. చుక్క పక్కన సన్నటి నీడ కూడా దిద్దాడు. అయితే ఒక చిక్కుంది. బొమ్మ అమ్ముతున్నాయన ఒప్పుకోవడం లేదు. కూలీల చరిత్ర సేకరించే ఒక మ్యూజియం ఆ కథ చూసే ముందుకొచ్చింది, కథ మారిస్తే వెనక్కి తగ్గుతుందని ఆయన భయం.

"ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు ఫణిశంకర్.

"ఒకటే మాట రాయి. మచ్చ పప్పని తెలిసినాక గుండు డబ్బాలో ఎయ్యను నాను. మీరేత్తారా అని అడుగు."

అదే రాశాడు, జీడిపప్పు సంగతి రెండు ముక్కల్లో వివరించి. సింగపూర్ ఆవిడ మర్నాడే ఒప్పుకుంది. అబద్ధమని తెలిశాక అమ్మకందారు కోసమైనా అచ్చులో ఉంచలేం, సవరణ చీటీ పుస్తకాల్లో పెడతాం, వేలంలో పైకి చదువుతాం అంది.

వేలం రోజుకు ఫణిశంకర్ మళ్లీ గింజల బేరానికి అక్కడే ఉన్నాడు. కాశీబుగ్గలో పదకొండున్నరకు ఆఫీసు ఫోను మోగింది. వేలం హాల్లోంచి అతనే. స్పీకరు నొక్కితే గ్రేడింగు ఆడవాళ్లంతా పొట్టు చేతులతోనే వచ్చి చుట్టూ మూగారు. అవతల హాల్లో ఎవరో ఇంగ్లీషులో చదువుతున్నాడు. మధ్యలో "టావిటాయా" అన్నాడు.

"తవిటయ్య!" అని అరిచింది పెద్దతల్లి.

"అమ్మా, మెల్లగా! హాలంతా వినపడింది!"

"ఇనపడాలనే!"

అవతల నవ్వులు వినిపించాయి. తర్వాత ఆ గొంతు ఒక్క క్షణం ఆగి, జాగ్రత్తగా, ఒత్తి పలికింది. "తవిటయ్య." పెద్దతల్లి కళ్లు నిండిపోయాయి. తండ్రి పడిన, యాభై ఏళ్లుగా తను మోస్తున్న మాటలన్నీ ఆవిడ గుండెల్లోంచి ఒక్కసారే దిగిపోయాయి. ఆ తర్వాత వేలం పాట మొదలైంది. అంకెలు గబగబా పెరిగాయి, చివర సుత్తి టక్కుమంది.

"పెద్దతల్లమ్మా, ఆ మ్యూజియమే కొంది! వెనక్కి తగ్గలేదు. ఎంతకో తెలుసా?"

"ఎంతకైతే నాకేటి బాబూ? మా నాయిన అమ్ముడుపోడం ఇది రెండోసారి. ముందుసారి అమ్మీసినప్పుడు డెబ్బై ఏళ్లు బతికినాడు. ఈసారి ఎంతకాలం బతుకుతాడో సూడు."