వెనక్కి నడిచే మనిషి

నీళ్లడబ్బా వీపుకు తగిలించుకుని, గొట్టాన్ని కుడీ ఎడమా ఊపుతూ ఓరెస్ట్ మంచు మీద వెనక్కి నడుస్తున్నాడు. కర్లింగ్ ఆటలో గురి వైపు తోసే బరువు రాళ్లు నున్నటి మంచు మీద సాగవు. చల్లిన నీటి చుక్కలు గడ్డకట్టి బొడిపెలైతేనే జారతాయి. మానిటోబాలో మా ఊరి క్లబ్బుకున్న నాలుగు మంచుబాటలకూ చుక్కలు చల్లే పని ఎప్పట్నుంచో ఆయనదే.

పార్కిన్సన్స్ జబ్బు ఆయన్ని ఏటికేడు బిగించేస్తోంది. గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. చొక్కా గుండీలు భార్య స్టెఫా పెట్టాల్సిందే. మంచు మీద వెనక్కి నడిచేటప్పుడు మాత్రం, ఏం మాయో, అడుగు తడబడదు. కదలడం మానొద్దని డాక్టరు చెప్పాడు. "కదలమన్నాడు గానీ, క్లబ్బంతా నెత్తినేసుకోమన్నాడా?" అని స్టెఫా రోజూ దెప్పుతుంది. ఈ పని పోతే మంచం పట్టేస్తానని ఆయన భయం.

ఆ రోజు పని ముగించి ఇంటికి బయల్దేరినవాడు, మాత్రలు మరిచిపోయానని సగం దారిలోంచి తిరిగొచ్చాడు. లోపల గార్త్ ఉన్నాడు. చిన్ననాటి స్నేహితుడు, క్లబ్బుకు పెద్ద. ఓరెస్ట్ వేసిన చుక్కల్ని పారతో గీకేసి, మళ్లీ కొత్తగా చల్లుతున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి రా?"

గార్త్ తలెత్తలేదు. "చలికాలం మొదట్నుంచీ. నీ చెయ్యి వణికి చుక్కలు ముద్దకడుతున్నాయి. రాయి ఎటో పోతోంది. చెప్పడానికి నోరు రాలేదురా."

"అందరికీ తెలుసా?"

"ఊఁ."

ఓరెస్ట్ బల్ల మీద కూలబడ్డాడు. సాయంత్రాలు ఆటకొచ్చే వీళ్లంతా భుజం తట్టి, ఇవాళ మంచు భలే కుదిరిందనేవాళ్లు. గార్త్ చేతిలోని గొట్టం వంక చూశాడు.

"గొట్టం మరీ పైకెత్తుతున్నావు, సన్నాసీ. నడుం దగ్గర పట్టుకో." మెల్లగా లేచాడు. "రేపూ వస్తాను. నేను ఇంటికెళ్లాక గీకేసుకో. నాకు నడవాలిరా, అంతే."

ఇంటికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. స్టెఫా వేడివేడిగా బీట్‌రూట్ సూపు తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. బూట్లయినా విప్పుకోలేదు. పిలిచింది. గిన్నె కింద పెట్టి మళ్లీ పిలిచింది.

ఆమె ఫోను వచ్చేసరికి గార్త్‌కు గీకడానికి ఆఖరి బాట ఒక్కటే మిగిలింది. పార గోడకు ఆనించి, మంచు అంచునే కూర్చుండిపోయాడు. సాయంత్రం ఆటకొచ్చినవాళ్లు కోట్లయినా విప్పకుండా నిలబడి ఏడ్చారు. ఆ బాట మీద ఎవరూ కాలు పెట్టలేదు. దీపాల కింద దాని పొడుగునా, ఓరెస్ట్ చెయ్యి వణికిన చోటల్లా, చుక్కలు గుత్తులు గుత్తులుగా గడ్డకట్టి ఉన్నాయి.