ఇంటికో చెడ్డ గంట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఒకే నెలలో ఒక ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొని ఉండరు. కొని ఉంటే ఆ సామెత ఇంకాస్త పొడుగ్గా ఉండేది. ఆ పొడుగేమిటో కర్టెన్ల మాస్టారిని అడిగితే చెబుతారు. ఆయనకు నెలరోజులుగా కంటి మీద కునుకు లేదు, నోట్లోకి ముద్ద దిగడం లేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు, టైలరు. చొక్కాలూ ప్యాంట్లూ కుట్టడం ఎప్పుడో మానేశారు. ఊళ్ళో ఇళ్ళ అమ్మకాలు ఊపందుకున్నాక కర్టెన్ల పనే చేతినిండా ఉంది. చెమ్మగోడకి మందపాటి గుడ్డ, ఎదురింటి మురికి గోడ కనిపించే కిటికీకి పూలగుడ్డ. అమ్మే ఇంటికి రంగు ఎంత ముఖ్యమో కర్టెన్ అంత ముఖ్యమని బ్రోకర్లందరికీ తెలుసు. "నా కర్టెన్ పడ్డాక ఇంటికి వంక పెట్టేవాడెవడు?" అని మాస్టారు మిషను తొక్కుతూ మీసం దువ్వుకునేవారు.

వంకలు పెట్టే తీరిక కూడా ఎవరికీ లేదు. పొద్దున 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు కడితే సాయంత్రానికి తాడు విప్పేస్తున్నారు. ఒకరు లోపల వంటగది చూస్తుంటే మెట్ల మీద ముగ్గురు, గేటు దగ్గర ఆరుగురు. ఆలోచించుకుని చెబుతామన్నవాళ్ళకి ఆలోచనే మిగులుతోంది, ఇల్లు మిగలడం లేదు.

అలాంటి రోజుల్లో మాస్టారికి కింది ఇల్లు కావలసి వచ్చింది. ఉంటున్నది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భార్య మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక వాకర్ పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి నడుస్తుంది గానీ, మెట్లు మాత్రం ఎక్కకూడదు, దిగకూడదు అన్నాడు డాక్టరు. అంతకుముందు ఆ వీధిలో ఆమెకు తెలియని మనిషి లేడు. పాలవాడి కూతురికి ఎన్ని మార్కులొచ్చాయో, కొట్టతని అల్లుడు ఎందుకు అలిగాడో ఆమెనే అడగాలి. ఇప్పుడు ఏడాదిగా కిటికీయే గతి. "పైనుంచి చూస్తే అందరి నడినెత్తులే కనిపిస్తాయి. ఎవరికి బట్టతల వస్తోందో చెప్పగలను గానీ, ఎవరు నవ్వుతున్నారో చెప్పలేను" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ, ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారికి మిషను మీద కాలు ఆగిపోయేది.

అందుకే గుమ్మం వీధిలోకే ఉన్న ఒక ఇల్లు కనబడగానే వెనకాముందూ చూడకుండా అడ్వాన్స్ ఇచ్చేశారు. వెనక ఎనిమిది మంది క్యూలో ఉన్నారు మరి. మిగతా డబ్బు నెలాఖరుకి కట్టాలి. కట్టాలంటే ఈ ఇల్లు అమ్ముడుపోవాలి.

"ఉన్నదున్నట్టు వదినని పిలవండి" అంది భార్య.

"ఆవిడనా? ఇంకేం, ఇల్లు అమ్ముడుపోయినట్టే!" అన్నారు మాస్టారు వెటకారంగా.

ఆవిడ ఇళ్ళ బ్రోకరు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. వెయ్యి అబద్ధాలాడి ఒక ఇల్లు అమ్మాలని నమ్మే ఆ వ్యాపారంలో ఇరవయ్యేళ్ళుగా ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ నెట్టుకొస్తోంది గనక ఆ పేరు అతుక్కుపోయింది. మిగతా బ్రోకర్లు ఆవిడ పేరెత్తి నవ్వుకుంటారు. సొంత చెల్లెలికి ఇల్లు కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ దగ్గరికే వస్తారు.

మర్నాడే వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన సంచి. కూర్చోమంటే కూర్చోలేదు. కుళాయిలన్నీ విప్పి చూసింది, తలుపులన్నీ వేసి తీసింది. అప్పుడడిగింది.

"అన్నయ్యగారూ, ఈ ఇంటికి చెడ్డ గంట ఏది?"

"చెడ్డ గంటేమిటండీ?"

"ప్రతి ఇంటికీ రోజులో ఒకటి ఉంటుంది. నీళ్ళు సన్నగా వచ్చే గంటో, పక్కవాళ్ళ పొగ కొట్టే గంటో. నేను జనాన్ని ఆ గంటకే తీసుకొస్తాను."

"మా ఇంటికి అలాంటిదేం లేదు" అన్నారు మాస్టారు గంభీరంగా.

"నాలుగింటికి, వదినా!" లోపలి గదిలోంచి భార్య గొంతు. "పడమటి గది నాలుగింటికి కుంపటే. అందుకే ఈయన దానికి రెండు పొరల కర్టెన్ కుట్టారు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కట్టుకున్నది పట్టిచ్చేస్తే ఇక ఈశ్వరుడితో పనేముంది? మాస్టారు తల గోక్కున్నారు. ఆవిడ మాత్రం లోపలికి వెళ్ళి భార్య చెయ్యి పట్టుకుని, "వదినా, మీలాంటి వాళ్ళు ఇంటికొకరుంటే నా పని సగం తగ్గుతుంది" అంది.

అన్నంత పనీ చేసింది. మరుసటి రోజు నాలుగింటికి ఐదు పార్టీలను వెంటబెట్టుకొచ్చింది. ఎండాకాలం. పడమటి గదిలోకి తీసుకెళ్ళి, మాస్టారు ప్రాణం పెట్టి కుట్టిన కర్టెన్‌ను సర్రున లాగేసింది. ఎండ గదిలోకి వచ్చిపడింది. "గోడ మీద చెయ్యి పెట్టి చూడండి" అని చెప్పి మరీ పెట్టించింది. ఒకాయన కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ మెట్లు దిగాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ దిగారు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరు నా ఇల్లు అమ్మడానికొచ్చారా, నా కొంప ముంచడానికొచ్చారా? కింద అంతస్తువాళ్ళు పొద్దున తొమ్మిదింటికి చూపించారు. మధ్యాహ్నానికి బేరమైపోయింది!"

"అయింది" అంది ఆవిడ, గొడుగు మడుస్తూ. "వారం తర్వాత కొన్నవాళ్ళు కొలతలు తీసుకోవడానికి నాలుగింటికి వచ్చారు. ఇప్పుడు అడ్వాన్స్ కోసం రెండు వైపులవాళ్ళూ జుట్లు పట్టుకుంటున్నారు. బోర్డు మళ్ళీ కట్టారు, చూడలేదా?"

చూశారు. చూసి కూడా చూడనట్టే ఉన్నారు.

"చెడిపోయే బేరం ఇప్పుడే, నా కళ్ళముందే చెడిపోనివ్వండి అన్నయ్యగారూ. నెలాఖరున చెడిపోతే మీరు రెంటికీ చెడిపోతారు." మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఇంతకీ మీరు కొంటున్న ఇల్లు ఏ గంటకి చూశారు?"

"పొద్దున పదింటికి."

"వదిన చూసిందా?"

"ఆమె మెట్లు దిగలేదుగా!"

"పదింటికి ఏ ఇల్లైనా బంగారమే. ఆ వీధి సంగతి నాకు తెలీదు, తెలియంది చెప్పను. మిగతా గంటలు మీరే వెళ్ళి చూసుకోండి."

ఆవిడ మాట అబద్ధమని తేల్చడానికే మాస్టారు ఆ సాయంత్రం బయల్దేరారు. దారంతా ఏమనాలో మాటలు కూర్చుకుంటూ వెళ్ళారు. మలుపు తిరగ్గానే ఆ మాటలన్నీ మరిచిపోయారు.

మొన్న పొద్దున ఇల్లు చూసినప్పుడు మూసి ఉన్న ఎదురు గోడౌను తలుపులు ఇప్పుడు బార్లా తెరిచి ఉన్నాయి. వీధి పొడుగునా లారీలు. ఒక లారీ వెనక భాగం తాను కొనబోయే ఇంటి గుమ్మానికి ఆనుకునే ఉంది. గుమ్మంలోంచి మనిషి పక్కకి తిరిగి జారుకుంటూ రావాలి, వాకర్ మాట దేవుడెరుగు. ఇంజన్లు ఆపడం లేదు, పొగ కిటికీలోకి పోతోంది. ఎంతసేపుంటాయని ఒక డ్రైవర్ని అడిగితే, "పొద్దుపోయేదాకా, రోజూ ఇంతే" అన్నాడు.

ఆ కిటికీకి వేలాడుతున్న కర్టెన్ మాస్టారిదే. తన కుట్టే, తన మడతే. రెండు నెలల కిందట ఒక బ్రోకరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "వీధి కనబడకూడదు, వినబడకూడదు, అంత మందంగా కుట్టండి మాస్టారూ" అని చెప్పి కుట్టించుకుపోయాడు. ఎవరింటికో అడగలేదు, అడిగే అలవాటు లేదు. మొన్న పొద్దున ఇల్లు చూడటానికొచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టి, "ఇది నా కుట్టే! శకునం బాగుంది" అని మురిసిపోయి అక్కడికక్కడే అడ్వాన్స్ చేతిలో పెట్టారు. ఊళ్ళో అందరికీ గంతలు కుట్టిన మనిషి తన గంతలు తానే కట్టుకున్నాడు. తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు. మాస్టారికి అది లారీ పొగలో, పేవ్‌మెంటు మీద నిలబడి బోధపడింది.

ఇంటికొచ్చి భార్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆమె ముందు పడీపడీ నవ్వింది. "మీ కర్టెన్‌కి మీరే పడిపోయారా!" అని కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి నవ్వు ఆగింది. "గుమ్మంలో కూర్చుని వీధి చూడొచ్చన్నారు కదండీ" అంది. ఆమెను ఆ పొగలో కూర్చోబెట్టబోయానన్న బాధ ఆయన్ని చాలా రోజులు వదల్లేదు.

ఆ ఇల్లు వదులుకోవడం కష్టమేమీ కాలేదు. క్యూలో వెనకున్నాయనే ఎగిరి గంతేసి తీసుకున్నాడు. కొంత కోత పడ్డా అడ్వాన్స్ వెనక్కొచ్చింది. "ఓసారి సాయంత్రం వచ్చి చూసుకోండి బాబూ" అని మాస్టారు చెప్పబోతే ఆయన, "మీకు కడుపుమంటగా ఉన్నట్టుంది" అని నవ్వి సంతకం పెట్టేశాడు.

మర్నాడు నాలుగింటికి ఉన్నదున్నట్టు వదిన మళ్ళీ జనాన్ని తెచ్చింది. ఈసారి పడమటి గదిలో ఆవిడ చెయ్యి చాచేలోపే మాస్టారు కర్టెన్ లాగేశారు. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి పక్కకి జరిగింది. మూడు పార్టీలు దిగిపోయాయి. నాలుగో పార్టీ ఇద్దరు మొగుడూపెళ్ళాలు, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు. ఆ అమ్మాయి గోడ మీద చెయ్యి పెట్టి, భర్త వంక తిరిగి, "నాలుగింటికి మనం డ్యూటీలో ఉంటాం కదా" అంది. తూర్పు గదిలోకి వెళ్ళి చూసుకున్నారు. పడుకునేది అక్కడే, రాత్రిపూట చల్లగా ఉంటుందా అని అడిగారు. ఉంటుందని భార్య లోపల్నుంచి హామీ ఇచ్చింది. బేరం కింద అంతస్తు వాళ్ళు చెప్పుకున్న ధరకి కొంచెం తక్కువే, కానీ కుదిరింది. కుదిరింది కుదిరినట్టే నిలబడింది.

"అదేమిటండీ, అంత సులువుగా?" అన్నారు మాస్టారు.

"సులువేం కాదు. వాళ్ళ కోసం ఊరంతా తిరిగాను" అంది ఆవిడ, మొదటిసారి కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతూ. "చెడ్డ గంట లేని ఇల్లు లేదు అన్నయ్యగారూ. ఆ గంటకి ఆ ఇంట్లో ఉండని వాళ్ళెవరో వెతకడమే నా పని."

మాస్టారు ముప్పయ్యేళ్ళుగా కత్తెర పట్టారు. పనిమంతుల్ని చూస్తే ఆయనకు తెలుస్తుంది. లేచి వెళ్ళి ఆవిడ గ్లాసులో ఇంకొన్ని నీళ్ళు పోశారు.

ఇక వాళ్ళకి ఇల్లు కావాలి. వారం తిరక్కుండా ఆవిడ కబురు పెట్టింది. "కింది ఇల్లు ఒకటుంది. చెడ్డ గంట పొద్దున ఎనిమిదిన్నర. ఎదురుగా బడి, పక్కన బస్టాపు. ఆ గోలకి నాలుగు పార్టీలు చెవులు మూసుకుని పారిపోయాయి. రేపు ఇంకో రెండు పార్టీలొస్తాయి. మనం ముందే వెళ్ళాలి, వదినని తీసుకురావాలి."

"ఎలా తెస్తానండీ? మెట్లు..."

"అక్కడ కూర్చోబోయేది ఎవరు? మీరా?"

పొద్దున్నే వచ్చింది. చేతుల కుర్చీ ఒకటి తీసి, మాస్టారు కుట్టిన కర్టెన్ గుడ్డతోనే భార్యని దానికి కట్టించింది. ముందు కాళ్ళు మాస్టారు పట్టుకున్నారు. వెనక పట్టుకోవడానికి ఎవర్నైనా పిలుద్దామంటే, ఆవిడ చీరకొంగు బొడ్లో దోపి, "పట్టండి" అంది. యాభై దాటిన మనిషి. మలుపు మలుపుకీ దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తింది. "ఊరేగింపు బాగానే ఉంది గానీ, బాజాలు లేవు" అంటూ భార్య పైనుంచి వ్యాఖ్యానం. కిందికి దిగాక, మొహానికి వీధి గాలి తగిలినప్పుడు మాత్రం ఆమె కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చుకుంది.

ఆటో ఆ ఇంటి ముందు ఆగేసరికి చెడ్డ గంట మంచి ఊపు మీదుంది. హారన్లు, సైకిలు బెల్లులు, టిఫిను డబ్బా మరిచిపోయిన పిల్ల ఏడుపు, బస్సు కండక్టరు కేకలు. భార్యని గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి మాస్టారు లోపలికి వెళ్ళారు. రెండు గదులు, వంటగది, వెనక చిన్న జాగా. నేల చదునుగా ఉంది, వాకర్‌కి ఎక్కడా అడ్డు లేదు. ఆయనకి నచ్చింది. కానీ ఈ గోలలో ఆమె ఉండగలదా? అసలే ఒంట్లో సుఖం లేని మనిషి. అడిగి తెలుసుకోకుండా ఇంకో అడ్వాన్స్ ఇచ్చేది లేదని ఒట్టు పెట్టుకున్నారు. అప్పటికే వీధి చివర ఆ రెండు పార్టీల్లో ఒకరు బండి దిగుతున్నారు.

గబగబా బయటికొచ్చారు. భార్య ముందు ఒక చిన్నపిల్ల వీపు తిప్పి నిలబడి ఉంది. ఆమె దాని జడకి ఊడిపోయిన రిబ్బను కడుతోంది. పక్కన ఒక తల్లితో మాట్లాడుతోంది. ఆ తల్లి పేరేమిటో, మొగుడెక్కడ పనిచేస్తాడో అప్పటికే తెలిసిపోయినట్టుంది.

"ఏమంటావు?" అన్నారు మాస్టారు.

"ఆఁ?" గోలలో వినబడలేదు.

"ఇల్లు! నచ్చిందా అంటున్నా!"

"నేనింకా లోపలికి వెళ్ళలేదుగా" అంది ఆమె. రిబ్బను ముడి బిగించి, పిల్ల భుజం తట్టి పంపించి, అప్పుడు భర్త మొహంలోకి చూసింది. "నచ్చింది."

కళ్ళు చెమర్చి మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

"తొందరపడకు వదినా, లోపల కూడా చూడు" అంటోంది బ్రోకరు వదిన. "వంటగది తలుపు సరిగ్గా పడదు. వెనక కుళాయి కారుతుంది. చెప్పలేదని రేపు అనకు."

"తలుపు ఈయన చూసుకుంటార్లే."

మాస్టారు ఒప్పుకున్నామని చెయ్యి ఊపారు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ జేబులోంచి టేపు తీసి వీధివైపు కిటికీకి అడ్డంగా పట్టారు.

"ఏమండీ" అని పిలిచింది భార్య. "ఆ కిటికీకి ఏమీ కుట్టకండి."

ఆయన టేపు చుట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.