తొక్కు... పట్టుకో... ఇడుసు

మద్దమ్మ వెనక ఎడమ చక్రం డ్రమ్మును సుత్తితో చుట్టూ తట్టి, రెండు చేతులతో పట్టి లాగింది. ఇరవై రెండేళ్లుగా కదలని డ్రమ్ము గోరంత జరిగి మళ్లీ బిగుసుకుంది.

"నువ్వు మొండిదానివైతే నేను నీకు అక్కను" అని దానితోనే చెప్పి, ఇంకో నాలుగు దెబ్బలు వేసింది. మూడోసారి లాగేసరికి డ్రమ్ము ఊడివచ్చి ఒళ్లో పడింది. లోపల తుప్పు పొడి, ఎండిన సాలెగూడు, నల్లటి జిగురుగా మారిన బ్రేకు ఆయిలు.

"రబ్బర్లు పొయినాయి" అంది వెనక్కి తిరగకుండానే.

షెడ్డు గుంజకు కుర్చీ ఆనించుకుని కూర్చున్న రామలింగప్ప తల ఊపాడు. మాట్లాడితే దగ్గు వస్తుంది. ఆమెకు జవాబు అక్కర్లేదని అతనికి తెలుసు.

ఎర్రగుంట్ల నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే దారి పక్కన ఆ రేకుల షెడ్డు. కింద నాపరాళ్లు. ముందున్న వేపచెట్టు ఆకులకు ఏడాదిలో పది నెలలు బూడిద రంగే. బోర్డు మీద 'రామలింగప్ప బ్రేక్ వర్క్స్' అని మాత్రమే ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట కోసిగిలో వానలు మొహం చాటేసిన ఏడు, మొగుడూ పెళ్లాం మూటాముల్లె సర్దుకుని బండల గనిలో పనికి ఈ ఊరొచ్చారు. రామలింగప్ప గని విడిచి బ్రేకుల పని నేర్చుకున్నాడు. బ్రేకుల్లోంచి గాలి తీయడం ఒక్కడి వల్ల కాదు. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గరి చిన్న నట్టు వదులు చేసి, బిగించాలి. ఆ పైమనిషి మద్దమ్మ అయింది.

చీర కుచ్చిళ్లు దోపుకుని జీపుల్లో, వ్యాన్లలో, చిన్న లారీల్లో ఎక్కి కూర్చునేది. కిందనుంచి కేక వచ్చేది. "తొక్కు." తొక్కేది. "పట్టుకో." పట్టుకునేది. "ఇడుసు." విడిచేది. డ్రైవర్లు ఆమెను పలకరించేవాళ్లు కాదు, ఆమె కూడా బండి భాగమే అన్నట్టు పక్కన నిలబడి బీడీలు కాల్చేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె అరికాలికి చదువొచ్చింది. గాలి మిగిలిన పెడల్ బురదలో కాలు పెట్టినట్టు దిగుతుంది. గాలి పోయిన పెడల్ బండను తొక్కినట్టుంటుంది. "ఇంకా ఉండాది" అని ఆమె అంటే రామలింగప్ప మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆమె కాలు చెప్పినాక అతను ఎప్పుడూ వాదించలేదు.

డ్రమ్ముల దుమ్ము గాలిపైపుతో ఊది ఊది అతని ఊపిరితిత్తులు చెడ్డాయి. షెడ్డు మొహం చూడొద్దని కర్నూలు డాక్టరు చెప్పాడు. "మంచంలో పండుకోని సావడానికి కోసిగి నుంచి ఇంత దూరం రావల్నా సార్?" అని రామలింగప్ప బస్సెక్కి వచ్చేశాడు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. అప్పటినుంచి ఆమె కిందికి దిగింది, అతను పైకెక్కాడు.

ఈ ఎర్రటి రెండు సీట్ల కారును నాలుగు రోజుల కిందట భూపేష్ లారీ మీద వేసుకొచ్చాడు. నలభై ఏళ్లవాడు, కాంట్రాక్టులు చేస్తాడు. ఎప్పుడో వాళ్ల తాత మద్రాసులో ఒక దొర దగ్గర కొన్న విలాయతీ బండి అది. తండ్రి పోయినాక పత్తి గోదాములో పడి ఉంది. కడపలో, బెంగళూరులో చూపిస్తే ఇంజను బాగుచేశారు గాని, బ్రేకులకు సామాన్లు దొరకవు, కోసేసి కొత్త కారు బ్రేకులు పెడదామన్నారట. కోయడానికి అతనికి మనసొప్పలేదు.

ఆ పొద్దు షెడ్డులో ఉన్న జీపు కిందినుంచి మద్దమ్మ లేచి రావడం చూసి భూపేష్ మొహం మారింది.

"ఏమప్పా రామలింగప్పా, ఆడమనిషి చేసిన బ్రేకుతో నేను గండికోట ఘాటు దిగాల్నా?"

"నా చేతులు వణుకుతాయప్పా, ఆమెవి వణకవు. ఇష్టముంటే పెట్టు, లేకుంటే తోలుకోపో."

అని, బ్రేకుల్లేని బండిని ఎట్లా తోలుకుపోతాడని తనకే నవ్వొచ్చి, నవ్వు దగ్గై, దగ్గు ఆగేదాకా ముగ్గురూ ఊరుకోవాల్సి వచ్చింది. భూపేష్ కారు వదిలి వెళ్లాడు.

మద్దమ్మ మూడు రోజుల్లో, మొండికేసిన ఈ వెనక ఎడమ చక్రం తప్ప, బ్రేకు సిలిండర్లు, క్లచ్ సిలిండర్లు అన్నీ విప్పింది. సన్న గరుకు కాగితాన్ని పుల్లకు చుట్టి, బ్రేకు ఆయిల్లో తడిపి, లోపలి తుప్పు తిప్పి తిప్పి తీసింది. చూపుడు వేలు దూర్చి గోరు ఎక్కడా తట్టుకోవడం లేదని తేలేదాకా ఒక్కొక్కదాన్నీ వదల్లేదు. భూపేష్ ముందే విదేశం నుంచి తెప్పించి ఉంచిన రబ్బర్లలో క్లచ్ కింది సిలిండర్‌ది పెద్దదైంది. అంచు కోసి పెట్టమని అతను ఫోన్లో చెప్పాడు. ఆమె పాత పిస్టన్‌ను చేతిసంచిలో వేసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. పాతసామాన్ల అంగట్లో ఒక పూటంతా కూర్చుని, అంబాసిడర్ కార్ల రబ్బర్లు ఒక్కొక్కటే తొడిగి చూసి, సరిపోయినదాన్ని తెచ్చుకుంది.

చివరి డ్రమ్ము పని ముగిసేసరికి మధ్యాహ్నమైంది. సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నారు. రామలింగప్ప రెండు ముద్దలకే చేయి కడిగాడు.

"ఈ పొద్దు వద్దులే, రేపు చేస్తాం" అంది ఆమె అతని మొహం చూసి.

"నాకు రేపు యాడుండాదో నీకు తెల్సా?" అని అతను లేచి, గుంజ పట్టుకుని కాస్త నిలబడి, కారు దగ్గరికి నడిచాడు.

రంగు మీద ఆయిలు పడితే పొక్కు లేస్తుందని ఆమె కారు ముందుభాగమంతా తడిబట్ట కప్పింది. పెడల్‌కు అన్నిటికన్నా దూరపు చక్రంతో మొదలుపెట్టింది. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఈసారి కేక ఆమెది, కాలు అతనిది. గాజు సీసాలో ముంచిన సన్నటి గొట్టంలోంచి బుడగలు గుటుకు గుటుకుమని వచ్చాయి, తగ్గాయి, ఆగాయి.

"రాయి మాదిరుండాది" అన్నాడు అతను పైనుంచి. ఆ గొంతులో అంత సంతోషం ఆమె విని చాలా రోజులైంది.

మిగిలింది క్లచ్, దాంట్లోనూ ఇదే ఆయిలు, ఇదే గాలి. ఆమె వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగింది.

"తొక్కు."

బుడగలు.

"పట్టుకో... ఇడుసు. తొక్కు."

ఇంకా బుడగలు.

"పట్టుకో... ఇడుసు."

దారిలో సిమెంటు లారీ ఒకటి పోయింది. నాపరాళ్లు అదిరాయి. అది పోయేదాకా ఆగి, "తొక్కు" అంది.

గొట్టంలో ఏమీ కదలలేదు.

"యోవ్, తొక్కమంటి."

మరోసారి పిలవలేదు. స్పానర్ పట్టుకునే బయటికి జరిగింది. రామలింగప్ప రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, తల సీటుకు ఆనించి, ఎదురుగా దారిని చూస్తున్నట్టు ఉన్నాడు. కాలు పెడల్ మీదినుంచి పక్కకు జారింది. ఆమె మసి చేతిని చీరకు తుడుచుకుని అతని ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపు పెట్టింది.

*

రామలింగప్ప పోయిన అయిదో రోజు పొద్దున భూపేష్ లారీతో వచ్చాడు. మద్దమ్మ తమ్ముడు గోపన్న షెడ్డు ముందు సామాన్లు మూట కడుతున్నాడు.

"ఈమెను కోసిగికి తోలుకపోతాండా. నీ బండి నువ్వు తీసుకపో సామీ" అన్నాడు గోపన్న.

భూపేష్ మనుషులు కారును తోయడానికి చేతులు వేశారు. మద్దమ్మ షెడ్డు వెనక ఇంట్లోంచి వచ్చి బండికి అడ్డం నిలబడింది. నుదురు బోసిగా ఉంది. కొంగు నడుముకు బిగించి ఉంది.

"యాడికి?"

"బెంగళూరుకు పంపుతానక్కా. కష్టంలో ఉండారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"క్లచ్‌లో గాలుండాది."

"ఫరవాలేదు, అక్కడ చూసుకుంటారు."

"నాకుండాది ఫరవా. గాలి మిగిలిన బండి ఈ షెడ్డు దాటి ఒక్కటీ పోలేదు. ఇదీ పోదు."

గోపన్న మూట వదిలి లేచాడు. "అక్కా, పదకొండు దినాలన్నా కాలేదు. నలుగురు ఏమనుకుంటారు?"

"ఆయప్ప ఊపిరి ఇడిసినది ఈ పనిలో. సగంలో నిలబెట్టి నేను ఇంట్లో మూల కూచుంటే నలుగురు మెచ్చుకుంటారు, ఆయప్ప మెచ్చడు. మూట ఇప్పు. నేను యాడికీ రాను." అని భూపేష్ వైపు తిరిగింది. "ఎక్కి కూచో."

"నేనా?"

"ఇద్దరు కావాల. ఎక్కు."

భూపేష్ తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు చెట్టు వైపు చూశారు. అతను ఫోను జేబులో పెట్టుకుని, డోరు తీసి, కూర్చున్నాడు. ఆమె కారు కిందికి జరిగింది.

"తొక్కు."

తొక్కాడు.

"మెల్లగ. పట్టుకో."

పట్టుకున్నాడు.

"ఇడుసు."

పదిహేడుసార్లు తొక్కించింది. పన్నెండోసారికి అతని తొడ వణికింది. "అయిపాయె గదక్కా" అన్నాడు. "నేను చెప్పలేదు" అని కిందినుంచి జవాబొచ్చింది. ఆఖరికి ఆమె లేచి వచ్చి, అతన్ని దిగమని, తనే కూర్చుని పాదం పెడల్ మీద పెట్టింది. కళ్లు మూసుకుని ఒకసారి తొక్కింది. దిగింది.

"ఇప్పుడు తోలుకోపో. ఘాటే కాదు, యాడైనా దిగు."

భూపేష్ లారీని ఖాళీగా వెనక్కి పంపేశాడు. ఆమెకు రెండు చేతులూ జోడించి కారెక్కాడు. ఎర్రటి బండి షెడ్డులోంచి రోడ్డెక్కింది. రైల్వే గేటు దగ్గర ఆగింది, కదిలింది. గేరు కర్రుమనకుండా పడడం ఇక్కడిదాకా వినిపించింది. గోపన్న మూట విప్పి స్పానర్లను ఎప్పటి చోట పెట్టడం మొదలుపెట్టాడు.

మద్దమ్మ చీపురు తీసుకుని వెనక్కి తిరిగింది. ఇన్నాళ్లూ కారు కింద మరుగుపడిన జాగాలో, నాపరాయి మీద, బండి లోపల మట్టి అంటకూడదని ఆ పొద్దు ఎక్కేముందు రామలింగప్ప విడిచిన టైరు చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, అతని పాదాల గుంటల్లో సన్నటి సిమెంటు దుమ్ము నింపుకుని.