ఆముదం తాగిన సీట్లు

తెనాలిలో ఉండే బసవేశ్వరరావుగారు వాళ్ళ నాన్నగారి ఆస్టిన్ కారు అమ్మేస్తున్నారని తెలిసిన రోజునే దేవకుమారి దాన్ని కొనాలని నిశ్చయించుకుంది. బండి నడుస్తుందా, నడవదా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చుననుకుంది. ఆవిడ తత్వమే అంత. బాపట్లలో ఆడపిల్లల హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా వచ్చిన కొత్తలో, కూలిపోయేలా ఉన్న ప్రహరీగోడ గురించి పైవాళ్ళకు అర్జీలు పెట్టమని అందరూ సలహా ఇస్తుంటే, తనే తాపీమేస్త్రిని పిలిపించి పని మొదలుపెట్టించిన మనిషి.

ఇది ఎనభై ఏడో సంవత్సరం వేసవి మాట. అప్పటికే ఆవిడ గుంటూరు వెళ్ళి డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు చేతిలో పెట్టుకుని ఉంది. భర్త అబ్రహాము బ్యాంకులో గుమాస్తా. నెమ్మదైన మనిషి, కాస్త భయస్థుడు. కొనేదేదో మారుతి కొనుక్కోక, కొట్టంలో కోళ్ళు పొదిగే కారెందుకని ఆయన అడిగాడు. దేవకుమారి దాచకుండా చెప్పింది.

ఆ కారు ఆవిడకు కొత్త కాదు. తండ్రి తోమాసుది సంగం జాగర్లమూడి. చెప్పులు కుట్టేవాడు, ఎడ్లకు మెడపట్టెలు, చర్నాకోలలు చేసేవాడు. ఆ ఊళ్ళో పెద్ద రైతు దశరథరామయ్యగారు, బసవేశ్వరరావుగారి తండ్రి. ఆయన ఆస్టిన్ కొన్న తర్వాత, ఏటా వానలు వెనకబట్టగానే తోమాసుకు కబురొచ్చేది. సీట్లు అసలు తోలువి. తోమాసు కారు తలుపు తీసి, బయట నిలబడే నడుం వంచి, చేయి లోపలికి చాచి సీట్లకు నూనె పట్టించేవాడు. గిన్నె పట్టుకుని పక్కన నిలబడడం దేవకుమారి పని. తోలుకు దాహమేస్తుందని, అది అడిగినంతే పొయ్యాలని ఆయన చెప్పేవాడు. ఆ తర్వాత మిషను బడి, హాస్టలు, కాలేజీ, ఉద్యోగం. తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. ఆ సీట్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

“అయితే కొనాల్సిందే,” అన్నాడు అబ్రహాము. అని, నడపమని మాత్రం తనను అడగవద్దన్నాడు.

తెనాలి మెకానిక్ ఇంజను సంగతి చూసుకున్నాడు. అది అనుకున్నంత కష్టం కాలేదు. అసలు చిక్కంతా లోపలే. సీట్ల మీద తెల్లగా బూజు పట్టింది. ముదురు ఎరుపు రంగు తోలు వెలిసిపోయి, ఎండిన చెరువు నేలలా నెర్రెలిచ్చింది. తలుపుల లోపలివైపు మాత్రం ఎప్పుడో బెజవాడలో రెక్సిన్ వేయించినట్టున్నారు. దాని మీద కోళ్ళ రెట్టలు, దుమ్ము. తెనాలిలో కార్ల సీట్లు కుట్టే పాండురంగారావు వచ్చి, వేలితో నొక్కి చూసి పెదవి విరిచాడు.

“తోలు చచ్చిపోయిందండి, మేడంగారూ. పీకేసి మొత్తం రెక్సినే వేయిద్దాం. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు, బాధే ఉండదు.”

“తోలెప్పుడూ చచ్చినదే కదండీ,” అంది దేవకుమారి. “బతికున్నట్టు ఉంచడమే మన పని.”

పాండురంగారావు నవ్వాడు. మంచివాడే. వచ్చినవాడు ఊరికే పోకుండా, సీట్లు విప్పి వసారాలో పెట్టిపోయాడు. ఎండలో మాత్రం పెట్టవద్దన్నాడు. ఆ సంగతి తనకూ తెలుసునంది దేవకుమారి.

బడికి సెలవులు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పనిలోకి దిగింది. ముందు పొడిగుడ్డతో బూజంతా తుడిచి, ఆ గుడ్డను అవతల పారేసింది. కుట్ల సందుల్లో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్షుతో దులిపింది. కుంకుడు రసంలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తడి ఆనీ ఆననట్టు తుడిచింది. వెంటనే పొడిగుడ్డతో అద్దింది. తోలులోకి నీళ్ళు దిగితే ఆరేటప్పుడు బిర్రబిగుసుకుపోతుంది. వసారా నీడలో గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాత గోరువెచ్చని ఆముదంలో కాస్త తేనెమైనం కరిగించి, అరచేత్తో రాయడం మొదలుపెట్టింది.

తోలు తాగింది. రాసిన చోట రాసినట్టే లోపలికి లాగేసుకుంది. మర్నాడు చూస్తే మళ్ళీ దాహంతో ఉంది. మళ్ళీ రాసింది. అలా రాస్తూ పోగా, బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగి, తీయగానే పైకి లేచే స్థితికి వచ్చింది. లోతైన నెర్రెలు పోలేదు. అవి పోవని ఆవిడకు తెలుసు. కానీ ఎరుపు రంగు తిరిగొచ్చింది. అబ్రహాము వచ్చి, ఒకసారి కూర్చుని చూసి, ఇంకాసేపు కూర్చున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. రేపల్లెలో చెల్లెలు ప్రమీల కూతురు రిబ్కా పెళ్ళి దగ్గరకొచ్చింది. పెళ్ళికూతురిని గుడి నుంచి ఇంటికి ఈ కారులోనే తీసుకెళ్తానని దేవకుమారి మాటిచ్చింది. బండి ఇంకా నిగనిగలాడాలన్న ఆశ పుట్టింది. బయల్దేరే ముందురోజు సీట్లకు మరో దఫా దండిగా పట్టించి, మిగిలిన నూనెను తలుపుల రెక్సిన్‌కు కూడా పూసేసింది. చూడ్డానికి అద్దంలా మెరిసింది.

పెళ్ళి చేయించాల్సిన పాస్టరుగారు ఇస్సాకయ్యగారిని బాపట్ల నుంచి ఆవిడే తీసుకెళ్ళింది. ఆయన తెల్ల లాల్చీ వేసుకుని, పెళ్ళి అంగీని మడతపెట్టి సంచిలో పెట్టుకుని ముందుసీట్లో కూర్చున్నాడు. వెనక అబ్రహాము, తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చున్నాడు. ఎందుకని అడిగితే చెమటకని చెప్పాడు. చెరుకుపల్లి మీదుగా దేవకుమారి హాయిగా నడిపింది. ఎదురొచ్చిన ఎడ్లబళ్ళవాళ్ళు ఆగి మరీ చూశారు. పాస్టరుగారు కిటికీ దించి, తలుపు మీద మోచెయ్యి ఆనించుకుని, ఆడవాళ్ళు ఇంత నిదానంగా నడుపుతారని అనుకోలేదని మెచ్చుకున్నాడు.

రేపల్లెలో గుడి ముందు ఆయన దిగాడు. చూసినవాళ్ళు గతుక్కుమన్నారు. వీపంతా పసుపుపచ్చ మరక. ఎడమ మోచేతి దగ్గర ఆముదం, దారిలో దుమ్ము కలిసి నల్లటి జిగురు. పాస్టరుగారు వెనక్కి తిరిగి చూసుకోలేక అబ్రహాము మొహం చూశాడు. అబ్రహాము తన తువ్వాలు చూపించాడు. అదీ పచ్చగానే ఉంది.

“అంగీ శుభ్రంగా ఉంది కదా, అయ్యగారూ. పైన అది వేసుకుంటే కనపడదు,” అంది దేవకుమారి, గొంతు తొణక్కుండా. “తప్పు నాదే. లాల్చీ నేను ఉతికించి ఇస్తాను.”

“నా లాల్చీకేమొచ్చిందమ్మా,” అన్నాడాయన. “పిల్ల చీర సంగతి చూడు.”

రిబ్కా తెల్ల పట్టుచీర కట్టుకుంది. ప్రమీల పరుగున వచ్చి, కారు సంగతి చూసి, ఇంకో బండి మాట్లాడమని మొగుణ్ణి పురమాయించబోయింది. దేవకుమారి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ప్రార్థన ముగిసేసరికి కారు సిద్ధంగా ఉంటుందని, కాకపోతే అప్పుడు నీ ఇష్టమని చెప్పింది. ప్రమీల అక్క కళ్ళలోకి చూసింది. అందులో బెదురు కనపడలేదు.

నిజానికి లోపల కాస్త బెదురు ఉంది. కానీ తప్పెక్కడ జరిగిందో అప్పటికే తెలిసిపోయింది. తోలుకు దాహముంటుంది, రెక్సిన్‌కు ఉండదు. దానికి నూనె పూయడమంటే పళ్ళానికి పూసినట్టే, పైనే ఉండిపోతుంది, దుమ్మును పిలుచుకుంటుంది. తోలు కూడా కడుపు నిండాక తాగదు. తండ్రి అడిగినంతే పొయ్యమన్నాడు. ఆవిడ మెరుపు కోసం పోసింది.

గుడిలో పాట మొదలైంది. దేవకుమారి చెట్టు నీడకు కారు తోలి, పక్కింటి ఏసమ్మ దగ్గర బకెట్టు, సబ్బుబిళ్ళ, పాత పంచెలు అడిగి తెచ్చింది. ఏసమ్మ కూడా చెయ్యివేసింది. తలుపుల రెక్సిన్‌ను సబ్బునురగతో రుద్ది, మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, పొడిగా చేశారు. సీట్లకు మాత్రం సబ్బు తగలనివ్వలేదు. పంచెగుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళు తోమినట్టు బలమంతా పెట్టి రుద్దారు. గుడ్డకు పసుపు అంటితే మడత మార్చడం, మళ్ళీ రుద్దడం. కుట్ల దగ్గర నిలిచిన నూనెను వేలికి గుడ్డ చుట్టుకుని లాగారు. చివరి మడత తెల్లగానే మిగిలింది. చెల్లెలి కూతురి పెళ్ళి ప్రమాణాలు దేవకుమారి గుడి కిటికీలోంచే వింది.

గుడి తలుపులు తెరుచుకున్నాయి. ప్రమీల ముందు వచ్చింది, చేతిలో మడతపెట్టిన తెల్ల దుప్పటితో.

“అది వద్దు,” అంది దేవకుమారి.

ఆవిడ ఆ రోజు మీగడరంగు పట్టుచీర కట్టుకుంది. తన పెళ్ళినాటిది. నడుముకు చుట్టుకున్న పాత గుడ్డ విప్పేసి, అందరూ చూస్తుండగా వెనక సీట్లో కూర్చుంది. వెనక్కి జారగిలపడింది. మోచెయ్యి తలుపుకు ఆనించింది. అటు జరిగి, ఇటు జరిగి, దిగి వెనక్కి తిరిగి నిలబడింది.

“చూసి చెప్పండి,” అంది భర్తతో.

అబ్రహాము కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. “ఏమీ లేదు,” అన్నాడు. ఆయన గొంతులో అంత గట్టిదనం పెళ్ళయ్యాక ఎన్నడూ వినలేదనుకుంది ఆవిడ.

రిబ్కా ఎక్కింది. పెళ్ళికొడుకు ఎక్కాడు. ఇంటి ముందు దిగినప్పుడు పిల్ల చీర మీద అక్షింతలు తప్ప ఇంకేమీ లేవు.

ఈ కబురు తెనాలికి ఎవరు మోశారోగానీ, బడులు తెరవడానికి ముందు బసవేశ్వరరావుగారి ఇంటి నుంచి పిలుపొచ్చింది. వాళ్ళమ్మ మంగాయమ్మగారు కారు చూడాలంటున్నారట. దేవకుమారి వెళ్ళింది. ముసలావిడ మెట్లు దిగొచ్చి, కిటికీలోంచి తొంగి చూసి, ఆముదం వాసన పీల్చింది. ఊరిదాకా వెళ్ళొద్దామా అని దేవకుమారి అడిగితే, చిన్నపిల్లలా ఒప్పుకుని వెనక తలుపు తీయబోయింది.

“ముందు కూర్చోండి, పిన్నిగారూ.”

మంగాయమ్మగారు ఆగింది. తోమాసు కూతురి నోట పిన్నిగారన్న పిలుపు ఆవిడకు కొత్త. “ముందు నేనెప్పుడూ కూర్చోలేదే అమ్మాయ్. ఆయన, డ్రైవరు కూర్చునేవాళ్ళు.”

“ఇప్పుడు మనమిద్దరం కూర్చుందాం.”

కాలవగట్టు మీదుగా సంగం జాగర్లమూడి వైపు వెళ్తూ ఉంటే, మంగాయమ్మగారు సీటు అంచును వేళ్ళతో తడుముతూ అడిగింది. “మీ నాన్న ఈ సీట్లో ఎప్పుడన్నా కూర్చున్నాడా?”

“లేదండి.”

“మేమూ కూర్చోమనలేదు.”

“అవునండి,” అంది దేవకుమారి. ఆ మాటను మెత్తబరచాలని ఆవిడకు అనిపించలేదు. కోపమూ రాలేదు. స్టీరింగు తన చేతిలో ఉంది, దారి బాగుంది. ఆ మాట చెప్పడానికి ముసలావిడ ఎంత దూరం వచ్చిందో అర్థమైంది. అది చాలుననుకుంది.

గట్టు మీద ముంజెలు అమ్ముతున్నారు. మంగాయమ్మగారికి నోరూరింది. ఆకు దొన్నెలో పెట్టించుకుని, అక్కడే సీట్లో తినబోతే దేవకుమారి అడ్డం చెప్పింది. తీపి చుక్క పడితే తోలుకు చీమలు పడతాయని, దిగి తిందామని. మంగాయమ్మగారు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, పకపకా నవ్వి, దిగింది. ఇద్దరూ గట్టు మీద గడ్డిలో చతికిలబడి, మోచేతుల వెంట నీరు కారుతుండగా దొన్నె ఖాళీ చేశారు. కాలవలో చేతులు కడుక్కుని వచ్చాక, ముసలావిడ కొంగుతో తుడుచుకుని రెండు అరచేతులూ చాపి చూపించింది.

దేవకుమారి చూసి, తలుపు తీసింది.